మేఘాల పైకి ఎగసే మెరుపులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం మిత్రులు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. వాటి గురించి సాధికారికంగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను విద్యుత్ శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన వాణ్ణి కనుక, నాకు కొంత పరిచయమున్న వస్తువునే ఎంచుకున్నాను. ఇది మెరుపు చరిత్రలో ఒక అధ్యాయం. అందులోనూ, చూసినవాళ్ళు చూశామని చెబుతున్నా వంద సంవత్సరాలకు పైగా ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక రకం మెరుపు కథ.

మెరుపు అంటే మనకు కిందికి వచ్చేదే. ఈదురుగాలి లేచి ఆకాశం నల్లబడితే ఇంట్లో పెద్దవాళ్ళు అర్జునుడి పేర్లు తలుచుకుంటారు. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు ఏ ఫీడరు ముందు ట్రిప్ అవుతుందా అని ప్యానెల్ వైపు చూస్తాడు. ఎల్.ఏ.లు పేలడం, డిస్కులు పగలడం, ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం, ఇవన్నీ మేఘం నుంచి భూమికి దిగే పిడుగు చేసే పనులు. ఎత్తైన టవర్ల కొసల నుంచి మేఘం వైపు లేచే మెరుపు కూడా ఉంది కాని, అది కూడా మేఘం కిందనే జరిగే వ్యవహారం. నేను చెప్పబోయేది మేఘం నెత్తి మీద జరిగేది. ఉరుముల మేఘం పైభాగం సుమారు 12 నుంచి 18 కి.మీ. ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి 90 కి.మీ. వరకు, అంటే గాలి దాదాపు లేనంత పలచబడిపోయిన చోట కూడా, పెద్ద పెద్ద వెలుగులు పుడుతున్నాయి. వాటి తొలి చిత్రం 1989లో గాని దొరకలేదు.

అంతకు ముందు ఎవరూ చూడలేదా అంటే, చూశారు. జర్మనీలో యొహాన్ జార్జ్ ఎస్టర్ అనే న్యాయశాస్త్ర పండితుడు 1730లోనే ఇటువంటి వెలుగుల గురించి రాసి పెట్టాడు. 1886లో ఇంగ్లండులోని నేచర్ పత్రికలో టాయిన్‌బీ, మెకంజీల పేర్లతో ఒక లేఖ అచ్చయింది. మేఘం మీద నుంచి వెలుగు బాణాలు చాలా ఎత్తుకు ఎగశాయనీ, అవి మెరుపుల కంటే ఎక్కువగా తారాజువ్వలను పోలి ఉన్నాయనీ అందులో ఉంది. 1903లో అదే పత్రికలో ఎవరెట్ అనే ఆయన రాసిన లేఖకు పేరే రాకెట్ మెరుపు అని పెట్టారు. ఆ తరువాత విమానాలు వచ్చాయి. రాత్రివేళ ఉరుముల మేఘాలను తప్పించుకుంటూ వాటి పక్కగా నడిపే పైలట్లు, మేఘం తల మీద నుంచి పైకి లేచిన వెలుగు చూశామని ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. పైవారికి రాసి ఇచ్చిన వారు తక్కువ. కళ్ళు సరిగా లేవనో, అలసట అనో అంటారన్న భయం. పైలటు ఉద్యోగంలో కళ్ళకు వంక పెడితే ఉద్యోగానికే ఎసరు.

ఈ భయం మనకు కొత్తది కాదు. నేను పనిచేసిన ఒక సబ్‌స్టేషన్‌లో ఒక వానాకాలం రాత్రి షిఫ్టులో ఉన్న ఆపరేటరు, బస్‌బార్ మీద నీలపు వెలుగు పాకడం చూసి లాగ్‌బుక్కులో రాశాడు. మర్నాడు వచ్చిన అధికారి ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో నిద్రమత్తు అని రాసి సంతకం పెట్టారు. ఆ తరువాత అక్కడ ఎవరూ రిలే ఫ్లాగులు, టైములు తప్ప మరేమీ రాయలేదు. చూసింది రాయకపోతే చూడనట్టే. మేఘాల పై మెరుపుకు పట్టిన గతి కూడా ఇదే.

అయితే శాస్త్రజ్ఞులందరినీ ఒక్క గాటన కట్టడం న్యాయం కాదు. వాళ్ళలో ఒకాయన ఈ మెరుపు ఉండి తీరుతుందని 1925లోనే లెక్క కట్టి చెప్పాడు. ఆయన పేరు చార్లెస్ థామ్సన్ రీస్ విల్సన్. ఫిజిక్సు చదివిన వారికి విల్సన్ క్లౌడ్ ఛాంబర్ గుర్తుండే ఉంటుంది. ఆయనే ఈయన.

విల్సన్ 1869 ఫిబ్రవరి 14న స్కాట్లండులో గొర్రెలు పెంచే రైతు ఇంట పుట్టాడు. నాలుగేళ్ళ వయస్సులో తండ్రి పోయాడు, కుటుంబం మాంచెస్టరుకు మారింది. చదువుకుని కేంబ్రిడ్జి చేరిన విల్సన్ 1894 సెప్టెంబరులో స్కాట్లండులోని బెన్ నెవిస్ శిఖరం మీద ఉన్న వాతావరణ పరిశీలన కేంద్రంలో రెండు వారాలు ఉన్నాడు. కొండ అంచు నుంచి కింద పరుచుకున్న మేఘాల మీద పడే తన నీడనూ, దాని చుట్టూ ఏర్పడే రంగుల వలయాలనూ చూసి ముగ్ధుడయ్యాడు. వీటిని ప్రయోగశాలలో తయారు చేయాలని మొదలు పెట్టిన పనే చివరకు క్లౌడ్ ఛాంబర్ అయింది. కంటికి కనిపించని అణు కణాలు నడిచిన దారి దానిలో సన్నని మంచు గీతగా కనిపిస్తుంది. దానికి 1927లో ఆర్థర్ కాంప్టన్‌తో కలిసి నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ కొండ ఆయనకు మరొక వస్తువును కూడా ఇచ్చింది. 1895 జూన్‌లో మళ్ళీ ఆ ప్రాంతానికి వెళ్ళి కొండల మీద తిరుగుతుండగా ఉరుములు పట్టుకున్నాయి. ఉన్నట్టుండి తల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆయన ఆగకుండా కిందికి పరుగెత్తాడు. లైన్ల మీద పనిచేసిన మన మిత్రులకు దీని అర్థం వివరించనక్కర లేదు. ఉరుముల మేఘం చుట్టూ ఎంత విద్యుత్ క్షేత్రం ఉంటుందో తన ఒంటి మీదే తెలుసుకున్నాడు. ఆ తరువాత అరవై ఏళ్ళు ఆ ఆలోచన ఆయనను వదలలేదు.

1925లో అచ్చయిన ఆయన వ్యాసంలోని వాదన చాలా సులభమైనది. మన వృత్తివాళ్ళకు మరీ సులభం. నేల మట్టంలో పొడి గాలి తెగిపోవాలంటే, అంటే బ్రేక్‌డౌన్ కావాలంటే, సెంటీమీటరుకు సుమారు 30,000 వోల్టులు కావాలి. గాలి పలచబడే కొద్దీ ఆ అవసరం తగ్గుతుంది. గాలి సాంద్రత ప్రతి ఐదున్నర కిలోమీటర్లకూ సుమారు సగమవుతూ పోతుంది. ఇది ఒక లెక్క. రెండవ లెక్క మేఘానిది. మేఘంలో పైన ధన విద్యుత్తు, కింద ఋణ విద్యుత్తు పోగయి ఉంటాయి. నేల కూడా వాహకమే కనుక, దూరం నుంచి చూస్తే ఆ మేఘపు క్షేత్రం దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. దూరం రెండింతలయితే క్షేత్రం ఎనిమిదో వంతు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 10 కి.మీ. నుంచి 80 కి.మీ.కు పోతే ఎత్తు మూడుసార్లు రెట్టింపయింది. క్షేత్రం ఎనిమిదో వంతు, అందులో ఎనిమిదో వంతు, మళ్ళీ అందులో ఎనిమిదో వంతు అయి సుమారు అయిదు వందల వంతుకు పడిపోతుంది. అదే ఎత్తుల మధ్య గాలి సాంద్రత మాత్రం ఇరవై వేల వంతుకు పైగా పడిపోతుంది. అంటే క్షేత్రం బలహీనపడే వేగం కంటే గాలి బలహీనపడే వేగం చాలా ఎక్కువ. ఎక్కడో ఒకచోట గాలి ఓడిపోక తప్పదు. 75 కి.మీ. ఎత్తున గాలిని తెంచడానికి మీటరుకు 100 వోల్టులు సుమారుగా చాలు. విచిత్రం ఏమిటంటే, మబ్బు లేని రోజు మనం మైదానంలో నిలబడినప్పుడు నేల దగ్గర మన చుట్టూ ఉండే సహజ విద్యుత్ క్షేత్రం కూడా దాదాపు అంతే. ఇక్కడ అది మనకు తెలియను కూడా తెలియదు, అక్కడ ఆకాశాన్నే వెలిగిస్తుంది.

మరి మేఘం ఉన్నంతసేపూ పైన వెలుగు ఎందుకు లేదు? పై పొరల గాలి కొంత విద్యుత్ వాహకం. మేఘం మెల్లగా చార్జి అవుతున్నప్పుడు ఆ పొర కూడా తనలోని చార్జీని సర్దుకుని మేఘపు క్షేత్రాన్ని కప్పేస్తుంది. కాని పెద్ద పిడుగు పడి మేఘంలోని చార్జి సెకనులో వెయ్యో వంతు కాలంలో నేలకు దిగిపోయినప్పుడు, పైన సర్దుకున్న చార్జి అలాగే మిగిలిపోతుంది. ఆ క్షణంలో క్షేత్రమంతా పైకి తేలుతుంది. కెపాసిటరు ఒక ప్లేటును హఠాత్తుగా ఎర్త్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కనుక కింద పిడుగు పడిన వెంటనే పైన వెలుగు రావాలి.

విల్సన్ 1934లో కేంబ్రిడ్జి ఆచార్య పదవి నుంచి విశ్రాంతి తీసుకుని స్వదేశమైన స్కాట్లండు వెళ్ళిపోయాడు. అక్కడ కొండ దారుల్లో నడిచేవాడు, మేఘాల సంగతి ఆలోచించేవాడు. ఎనభై దాటిన వయస్సులో ఎడింబరో విశ్వవిద్యాలయం విద్యార్థులతో పాటు మొదటిసారి విమానం ఎక్కి, జీవితమంతా కింద నుంచి చూసిన మేఘాలను పక్క నుంచి చూశాడు. 1956లో, అంటే 87వ ఏట, పదవీ విరమణ అయిన 22 ఏళ్ళకు, ఉరుముల మేఘాల విద్యుత్తు మీద తన సిద్ధాంతాన్ని రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఎన్నో ఏళ్ళ కిందట దిగంతం అవతల ఉన్న ఉరుముల మేఘం మీద నుంచి నిర్మలాకాశంలోకి విసనకర్రలా విచ్చుకున్న ఆకుపచ్చని వెలుగులను తాను కూడా చూశానని ఆ వ్యాసంలో తెలిపాడు. ముందు లెక్క, తరువాత సాక్ష్యం. ఆయన స్వభావం ఎంత నెమ్మదిదో దీన్ని బట్టి తెలుస్తుంది. 1959 నవంబరు 15న 90 ఏళ్ళు నిండిన వయస్సులో కన్నుమూశాడు. తన మాట నిజమని చూపే బొమ్మ ఒక్కటీ చూడలేదు.

నోబెల్ గ్రహీత లెక్క కట్టి చెప్పాడు, నావికులు, పైలట్లు చూశామన్నారు. అయినా ఎవరూ కెమెరా ఎందుకు ఎక్కుపెట్టలేదు అని మీకు సందేహం రావచ్చు. వెలుగు చాలా మసకది, ఉండేది సెకనులో నూరో వంతు. మామూలు ఫిల్ముకు అందదు. మేఘం కింద ఉన్నవాడికి మేఘమే అడ్డం. రెండు మూడు వందల కి.మీ. దూరం నుంచి చీకటి రాత్రి చూస్తే తప్ప కనపడదు. అంత దూరంలో ఉన్న మెరుపును కొలవడానికి ఎవరు కూర్చుంటారు? ఈ సాంకేతిక కారణాలు నిజమే. కాని నా ఉద్దేశంలో అసలు కారణం వేరు. లెక్క కట్టినవారు చూసినవారిని అడగలేదు, చూసినవారికి అటువంటి లెక్క ఒకటుందని తెలియదు.

ఈ రెంటినీ కలపడానికి ప్రయత్నించిన వాడు బెర్నార్డ్ వొనెగట్. మేఘాల మీద సిల్వర్ అయొడైడ్ చల్లి వాన కురిపించవచ్చని 1946లో కనిపెట్టినవాడు ఈయనే. ప్రసిద్ధ నవలాకారుడు కర్ట్ వొనెగట్‌కు అన్న. 1980లో వాతావరణ పత్రికలో ఈ మెరుపుల విషయం ప్రస్తావించాడు. తరువాత నాసాలో పనిచేస్తున్న ఓథా వాన్‌తో కలిసి పైలట్ల అనుభవాలను సేకరించి 1989లో ప్రచురించాడు. పైలట్లకు తమ మాట వినే మనిషి దొరికాడు.

నాసాకు మెరుపంటే భయం ఉండడానికి కారణాలున్నాయి. 1969 నవంబరు 14న అపోలో 12 బయలుదేరిన నిమిషం లోపే దాని మీద రెండుసార్లు పిడుగు పడింది, అదృష్టం కొద్దీ బయటపడ్డారు. 1987 మార్చి 26న అట్లాస్ సెంటార్ రాకెట్టు మెరుపు దెబ్బకు దారి తప్పితే దాన్ని ఆకాశంలోనే పేల్చివేయవలసి వచ్చింది. మేఘం పైన కూడా మెరుపు ఉంటే సంగతేమిటన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది.

జవాబు మాత్రం ఎవరూ వెదకని చోట దొరికింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ అనే ఆచార్యుడు ఉండేవాడు. 1958లో బెలూన్ పరికరాలతో సూర్యుని జ్వాల నుంచి వచ్చిన గామా కిరణాలను పట్టిన బృందం ఆయనది. 1989 నాటికి ఆయనకు డెబ్భై దాటాయి. అయినా ఒక రాకెట్టు ప్రయోగానికి కావలసిన, చాలా తక్కువ వెలుగులో కూడా పనిచేసే టెలివిజన్ కెమెరాను సహచరులు రాబర్ట్ ఫ్రాంజ్, రాబర్ట్ నెమ్‌జెక్‌లతో కలిసి పరీక్షిస్తున్నాడు. జూలై 5, 6 తేదీల మధ్య రాత్రి కెమెరాను ఆకాశం వైపు తిప్పి టేపు నడిపారు. తరువాత ఆ టేపు చూస్తుంటే ఒకచోట కన్నుమూసి తెరిచేలోపు రెండు వెలుగు ఫౌంటెన్లు పక్కపక్కన లేచి మాయమయ్యాయి. అది ఉన్నది సెకనులో వందో వంతులు మూడింటికి లోపే.

కెమెరా లోపమేమోనని ముందుగా అనుమానించడం సహజం. కాని అది చూపిన దిక్కులో 250 కి.మీ. దూరాన ఉరుముల మేఘం ఉందని తేలింది. లెక్క వేస్తే మేఘం తల 14 కి.మీ. ఎత్తున, ఆ వెలుగు దానిపైన మరో 20 కి.మీ. వరకు ఉందని వచ్చింది. ముగ్గురూ ఏడాది పాటు పరిశీలించి 1990 జూలై 6న సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఉరుముల మేఘాల మీద పైకి పోయే పెద్ద విద్యుత్ ఉత్సర్గం అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. విమానాలకు, రాకెట్లకు ప్రమాదం ఉండవచ్చని కూడా హెచ్చరించారు.

ఇక అక్కడి నుంచి కథ పరుగు అందుకుంది. స్పేస్ షటిల్ లోంచి అప్పటికే తీసి పెట్టిన టేపులను మళ్ళీ తిరగవేసి చూస్తే, వాన్, విలియం బోక్ మొదలైన వారికి 1989–1991 మధ్య టేపుల్లోనే ఇటువంటివి కనిపించాయి. టేపులు ఉన్నాయి, చూడవలసిన కన్ను లేదు, అంతే. 1993 జూలై 7 రాత్రి కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గర యుక్కా రిడ్జ్ అనే చోట తన కెమెరా పెట్టుకున్న వాల్టర్ లయన్స్, ఒక్క రాత్రిలో 240కి పైగా వెలుగులు పట్టాడు. శతాబ్దం పాటు లేవన్నవి రాత్రికి రెండు వందలు! మరునాటి రాత్రే అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ సెంట్‌మన్, యూజీన్ వెస్కాట్ నాసా విమానంలో ఎగురుతూ మరో 19 పట్టారు. మరుసటి వేసవిలో రెండు విమానాలను పక్కపక్కన నడిపి, రంగుల కెమెరాలతో రెండు కోణాల నుంచి ఒకే వెలుగును చిత్రించి ఎత్తు కచ్చితంగా కొలిచారు. అది ఎర్రగా ఉందని తెలిసింది అప్పుడే.

పేరు పెట్టడంలో కూడా ఒక సంగతి ఉంది. మేఘం నుంచి పైకి పోయే మెరుపు అని పిలిస్తే, అది మేఘం నుంచి బయలుదేరుతుందనీ, పైకి పోతుందనీ ముందే ఒప్పుకున్నట్టవుతుంది. ఇంకా ఏమీ తెలియనప్పుడు ఆ పేరు తగదని సెంట్‌మన్ వాటికి స్ప్రైట్లు అని పేరు పెట్టాడు. షేక్స్‌పియర్ నాటకాల్లో ప్యక్, ఏరియల్ వంటి కంటికి దొరకని అల్లరి దేవతలకు ఆ మాట వాడతారు. మనవళ్ళు మాత్రం ఆ పేరు వినగానే కూల్ డ్రింకు అనుకుంటారు, వాళ్ళ తప్పు కాదు.

సెంట్‌మన్ జాగ్రత్త ఎంత మంచిదో తరువాత తెలిసింది. 2005లో సెకనుకు 10,000 ఫ్రేములు తీసే కెమెరాలతో అలాస్కా వారు స్ప్రైట్లను చిత్రించారు. చూస్తే, అది మేఘం నుంచి లేవడం లేదు. 70, 80 కి.మీ. ఎత్తున పుట్టి ముందుగా కిందికే దిగుతోంది! వేర్లలాంటి పాయలు సెకనుకు పది వేల కి.మీ. దాటిన వేగంతో కిందికి పాకుతాయి, ఆ తరువాత కొమ్మలు పైకి లేస్తాయి. మొత్తం ఆకారం 40 నుంచి 90 కి.మీ. మధ్య, ఎర్రని జెల్లీ చేపలాగనో, తలకిందులైన క్యారెట్ల గుంపులాగనో ఉంటుంది. ఎరుపు నైట్రోజన్ అణువులది. కింది పాయల కొసల్లో గాలి కొంచెం చిక్కగా ఉంటుంది కనుక అక్కడ నీలి ఛాయ కనిపిస్తుంది. విల్సన్ చెప్పినట్టే, గాలి ముందు తెగేది పైన. పైకి పోయే ఉత్సర్గం అని తొలి వ్యాసానికి పెట్టిన శీర్షిక ఇటువంటి వెలుగులకు సరిపోలేదు. లెక్క కట్టిన ముసలాయన మాత్రం నెగ్గాడు.

ఏ పిడుగుకు స్ప్రైట్ వస్తుందన్న దానికీ సమాధానం దొరికింది. నేలకు దిగే పిడుగుల్లో తొంభై శాతం వరకు ఋణ విద్యుత్తును దించేవే. మిగిలిన పది శాతంలో, అంటే ధన విద్యుత్తును దించే పెద్ద పిడుగుల్లో, కొన్నింటి వెనుకనే దాదాపు అన్ని స్ప్రైట్లూ వస్తాయని 1995 నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. వందల కి.మీ. మేర పరుచుకున్న పెద్ద తుఫాను మేఘాల వెనుక భాగంలో అటువంటివి ఎక్కువ. చిన్న మేఘాల పైన స్ప్రైట్లు సాధారణంగా రావు.

నిజంగా పైకి పోయేవి వేరే ఉన్నాయి. 1994లో ఆ విమానాల ప్రయాణంలోనే ఆర్కన్సా రాష్ట్రం మీద ఉన్న మేఘం తల నుంచి నీలపు వెలుగులు సన్నని గరాటు ఆకారంలో లేస్తూ కనిపించాయి. సెకనుకు సుమారు 100 కి.మీ. వేగంతో 40, 50 కి.మీ. ఎత్తు వరకు పోయి ఆరిపోయాయి. 22 నిమిషాల్లో 56 వచ్చాయి. వాటికి బ్లూ జెట్ అని పేరు. 1886 నాటి తారాజువ్వలు ఇవే అయి ఉంటాయని నాకు అనిపిస్తుంది. 2001 సెప్టెంబరులో పోర్టోరికోలోని అరెసిబో దగ్గర విక్టర్ పాస్కో బృందం, మేఘం నుంచి 70 కి.మీ. దాకా పోయిన ఒక పెద్ద జెట్‌ను చిత్రించింది. 2002 జూలైలో తైవాన్ శాస్త్రజ్ఞులు దక్షిణ చైనా సముద్రం మీద 90 కి.మీ. వరకు పోయిన అయిదింటిని పట్టారు. వీటిని మహా జెట్లు అనవచ్చు. 2018 మే 14న అమెరికాలో ఓక్లహోమా మీద లేచిన ఒక మహా జెట్ సుమారు 300 కూలంబుల చార్జిని అంతరిక్షపు అంచుకు మోసిందని తరువాత లెక్క తేలింది. మామూలు పిడుగులో అయిదు కూలంబులు మించవు. ఇంత కరెంటు పైకి పోతే ఎర్తింగ్ ఎవరిదో!

ఎల్వ్స్ అని మరో రకం కూడా ఉంది. బలమైన పిడుగు రేడియో తరంగ ఘాతానికి 90 కి.మీ. ఎత్తున ఉంగరంలా విచ్చుకుని సెకనులో వెయ్యో వంతు లోపే ఆరిపోయే కాంతి అది. ఇవి కాక, 1991లో ఆకాశంలోకి పంపిన కాంప్టన్ ఉపగ్రహం భూమి మీది ఉరుముల మేఘాల నుంచే గామా కిరణాలు వస్తున్నాయని 1994లో బయటపెట్టింది. మేఘపు క్షేత్రంలో ఎలక్ట్రాన్లు అదుపు తప్పి పరుగెత్తగలవని కూడా విల్సన్ 1925 నాటికే రాసి ఉన్నాడు.

ఈ చరిత్రలో మనకు బాధ కలిగించే పుట ఒకటుంది. 2003 జనవరి 16న బయలుదేరిన కొలంబియా షటిల్‌లో మన కల్పనా చావ్లా, ఇజ్రాయెల్ దేశపు మొదటి వ్యోమగామి ఇలాన్ రామోన్ సహా ఏడుగురు ఉన్నారు. ఇజ్రాయెల్ వారి ధూళి పరిశోధన కెమెరాతోనే రాత్రిపూట మేఘాల అంచులను కూడా చిత్రించారు. వ్యోమగాములు కెమెరాను మేఘం వైపు తిప్పి పట్టిన స్ప్రైట్లు, ఎల్వ్స్ అందులో ఉన్నాయి. ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగి వస్తూ కూలిపోయింది. అంతకు ముందే కిందికి పంపిన వీడియో భాగాలు మాత్రం దక్కాయి. వాటి మీద వ్యాసాలు తరువాతి ఏళ్ళలో వచ్చాయి.

మన తీరానికి దగ్గరి సంగతి 2015 సెప్టెంబరుది. డెన్మార్కు దేశపు మొదటి వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్సన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కిటికీ దగ్గర చేతి కెమెరా పట్టుకుని బంగాళాఖాతం మీది ఉరుముల మేఘాన్ని చిత్రించాడు. 160 సెకన్ల వీడియోలో మేఘం తల మీద 245 నీలపు మెరుపులు లెక్కకు వచ్చాయి. మేఘం తల సుమారు 18 కి.మీ. ఎత్తున ఉంటే, ఒక జెట్ మాత్రం కొట్టుకుంటున్న నాడిలా వెలుగుతూ 40 కి.మీ. వరకు పోయింది. ఈ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. కింద మన చేపల పడవలు ఉండి ఉంటే వారికి కనపడింది ఒక్క వాన మేఘమే. దాని తరువాత 2018 ఏప్రిల్‌లో ఇదే పనికి ప్రత్యేకంగా ఒక పరికరాన్ని అంతరిక్ష కేంద్రానికి పంపి బయటివైపు బిగించారు. 2019 ఫిబ్రవరిలో పసిఫిక్ సముద్రంలోని నౌరూ దీవి దగ్గర ఒక బ్లూ జెట్ పుట్టుకను అది సెకనులో లక్షో వంతు చొప్పున విడదీసి చూపింది.

ఇవన్నీ ఖరీదైన పరికరాలతోనే సాధ్యమని అనుకోనక్కర లేదు. ఈ రోజుల్లో మామూలు డిజిటల్ కెమెరాలతో స్ప్రైట్లను తీసేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. 2022 మే 19 రాత్రి చైనా ఫోటోగ్రాఫర్లు టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీద ఒక్క రాత్రిలో 105 స్ప్రైట్లను పట్టారు. చీకటికి బాగా అలవాటు పడిన కంటికి కూడా కొన్ని అందుతాయి.

మన సభ్యుల్లో నిద్ర పట్టనివారు ప్రయత్నించదలిస్తే పద్ధతి ఇది. ఏప్రిల్, మే నెలల్లో గాని, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గాని, వెన్నెల లేని రాత్రి, మన నెత్తిన మబ్బు లేకుండా ఎక్కడో దూరాన ఉరుము వినపడకుండా మెరుపులు మాత్రమే కనపడుతున్నప్పుడు, వీధి దీపాలు లేని చోట కూర్చోవాలి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది, ఆ లోపు సెల్ ఫోను తీయకూడదు. మెరుపు వైపు చూడకూడదు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు 10 డిగ్రీలు. మేఘం 200 కి.మీ. దూరంలో ఉంటే దిగంతం నుంచి రెండు పిడికిళ్ళ ఎత్తున, 300 కి.మీ. దూరంలో ఉంటే ఒకటిన్నర పిడికిలి ఎత్తున చూపు నిలపాలి. కింద మెరుపు కనపడకుండా ఏ గోడో, చేతి కర్రకు వేలాడదీసిన తువ్వాలో అడ్డం పెట్టుకుంటే మంచిది. పక్కన చిన్న పుస్తకం, పెన్సిలు, గడియారం ఉంచుకోండి. ఏమైనా కనిపిస్తే టైము, దిక్కు, రంగు, ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉందో రాసి, సంఘం కార్యాలయానికి పోస్టు కార్డు మీద పంపండి. నేను తేదీల వారీగా కూర్చి పెడతాను.